మా రోజుల్లో నవ్వుని మనమే వెతుక్కునేవాళ్లం

ఇప్పటి హాస్యం ప్రేక్షకుణ్ణి నమ్మడం మానేసింది. జోకు రాబోతోందని ముందొక చప్పుడు, వచ్చిందని ఇంకో చప్పుడు, అయిపోయాక పక్కనున్న నలుగురి మొహాలూ దగ్గర్నుంచి. అదీ చాలదని ఎవరో ఒకరు ఆ మాటనే మళ్లీ అని వినిపిస్తారు. ఇక్కడ నవ్వాలి, ఇంతసేపు నవ్వాలి, ఇక ఆపాలి అని హాల్లో కూర్చున్నవాడికి ఆజ్ఞలు జారీ అవుతుంటాయి. డబ్బులిచ్చి లోపలికొచ్చినవాడికి కళ్లున్నాయనీ, చెవులున్నాయనీ, వాటి వెనక కాస్త బుర్ర కూడా ఉందనీ తీసేవాళ్లకి గుర్తులేదు. నాకు కోపంగా ఉంది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే జాక్ తాతి గురించి చెప్పాలి.

తాతి ఫ్రాన్స్ దేశపు నటుడు, దర్శకుడు. 1949 నుంచి 1974 దాకా పాతికేళ్లలో ఆయన తీసిన పూర్తి నిడివి సినిమాలు ఆరు. ఆరంటే ఆరే. ఇవాళ ఒక కమెడియన్ ఏడాది తిరక్కుండానే అంతకు రెట్టింపు సినిమాల్లో కనబడతాడు. వచ్చే ఏడాదికి వాటిలో ఒక్క సన్నివేశమూ ఎవరికీ గుర్తుండదు. తాతి ఆరు సినిమాల్లో ఒక తలుపు చప్పుడు, ఒక గొడుగు, ఒక పిచుకంత పక్షి పాట కూడా చూసినవాడిని వదిలిపెట్టవు.

మా కాలంలో ఆ సినిమాలు చూడటం తేలిక కాదు. ఫిల్మ్ సొసైటీవాళ్లు ఎక్కడినుంచో 16 ఎంఎం ప్రింటు తెప్పించేవారు. గీతలు పడ్డ ప్రింటు, కిర్రుకిర్రుమనే ప్రొజెక్టర్, రీలు మార్చేటప్పుడు చీకట్లో కబుర్లు. ఫ్రెంచి ముక్క కూడా రానివాళ్లం. అయినా పగలబడి నవ్వేవాళ్లం. ఒకరు నవ్విన చోట ఇంకొకరు నవ్వేవారు కాదు. నేను తెర ఎడమ పక్కన కుక్కను చూస్తుంటే నా పక్కవాడు కుడి పక్కన వెయిటర్‌ని చూసి నవ్వేవాడు. బయటికొచ్చాక, నువ్వేం చూశావు, నేనేం చూశాను అని రోడ్డు మీదే నిలబడి లెక్కలు చెప్పుకునేవాళ్లం. ఆ లెక్కలే మాకు సినిమా చూడటం నేర్పాయి.

ఆ నటుడు ఎక్కడినుంచి వచ్చాడో చూడండి. 1907లో పారిస్ దగ్గరి లె పెక్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు తాతిషెఫ్, తండ్రి వైపు రష్యన్ మూలాలున్న కుటుంబం. ఇంట్లోవాళ్లది పటాలకు ఫ్రేములు కట్టే వ్యాపారం. కుర్రాణ్ణి అందులోనే పెట్టారు. ఆరడుగుల పైచిలుకు మనిషి, సాయంత్రాలు రగ్బీ ఆడేవాడు. ఆట అయ్యాక తోటి ఆటగాళ్లనీ, వేరే ఆటలవాళ్లనీ అనుకరించి చూపించేవాడు. గోల్ కీపర్ ఎలా కంగారు పడతాడు, టెన్నిస్ ఆడేవాడు ఎలా మురిసిపోతాడు, దెబ్బలు తిన్న బాక్సర్ ఎలా తూలతాడు, అన్నీ మాట లేకుండా ఒంటితోనే. అక్కణ్ణుంచి మ్యూజిక్ హాళ్ల స్టేజీ ఎక్కాడు. గుర్రమూ తానే, దాని మీద రౌతూ తానే అయి చేసే అంశం ఒకటి ఉండేది. దాన్ని చూసి కొలెత్ అంతటి రచయిత్రి 1936లో పత్రికలో ఆయన్ని ఆకాశానికెత్తింది.

అంటే సినిమాకి వచ్చేనాటికి ఆ ఒంటికి ఏళ్ల తరబడి సాధన ఉంది. ఇప్పుడు కమెడియన్ అంటే మాట. గొంతు పెంచడం, యాస మార్చడం, ఎదుటివాణ్ణి తిట్టడం. మాటకి నేను వ్యతిరేకిని కాను, తెలుగువాణ్ణి ఎలా అవుతాను? కానీ మనిషి మోకాళ్ల కింద కూడా ఉంటాడు కదా. ఇవాళ కెమెరా నడుము దాకానే చూస్తోంది, ఫోన్ తెర అయితే మెడ దాకా. తాతి సినిమాలో మొహం దాదాపు కనిపించదు. మనిషంతా కనిపిస్తాడు. ముందుకి వంగిన నడక, మడమలు నేల తాకీ తాకకుండా వేసే అడుగు, పొట్టి ప్యాంటు కింద కనిపించే మేజోళ్లు, చేతిలో గొడుగు, నోట్లో పైపు. ఆయన పాత్ర మొస్యూ హులో ఒక గదిలోకి రావాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆ సంకోచం కాళ్లలో తెలుస్తుంది. పాదాలు కోసేసిన ఫ్రేములో ఆ నటన ఎక్కడుంటుంది?

మొదటి సినిమా ‘జూర్ ద ఫెత్’, పండగ రోజు. యుద్ధకాలంలో జర్మన్లు ఫ్రాన్స్‌ని ఆక్రమించుకున్నప్పుడు తాతి దేశం మధ్యలో ఉన్న సెంత్ సెవేర్ అనే పల్లెటూళ్లో తలదాచుకున్నాడు. యుద్ధం అయ్యాక 1947లో ఆ ఊరికే తిరిగి వెళ్లి సినిమా తీశాడు. ఊళ్లోవాళ్లనే నటుల పక్కన నిలబెట్టాడు. తనకి చోటిచ్చిన ఊరి రుణం అలా తీర్చుకున్నాడని నాకనిపిస్తుంది. అందులో ఆయన ఫ్రాన్స్వా అనే పోస్ట్‌మన్. జాతరకొచ్చిన గుడారంలో అమెరికా తపాలా శాఖ వేగం గురించి ఓ న్యూస్‌రీల్ చూస్తాడు. ఊరంతా ఎగతాళి చేస్తుంది. ఇక రెచ్చిపోయి సైకిల్ మీద అమెరికా వేగంతో ఉత్తరాలు పంచడం మొదలుపెడతాడు. పోతున్న లారీ వెనక తలుపు పట్టుకుని, దాన్నే బల్లగా చేసుకుని, సైకిల్ తొక్కుతూనే ఉత్తరాల మీద ముద్రలు కొట్టేస్తాడు. ఉత్తరం చేరుతుంది, మాట చేరదు. ఎవరింట్లో ఎలా ఉన్నారని అడిగే తీరిక ఆ పోస్ట్‌మన్‌కి పోయింది. చివరికి సైకిలుతో సహా కాలవలో పడతాడు. గడ్డి కోస్తున్నవాళ్లతో కలిసి పనిలోకి దిగుతాడు, సంచీ ఒక పిల్లాడు పట్టుకుపోతాడు.

ఇది 1949లో విడుదలైంది. ఇవాళ మన వీధుల్లో పది నిమిషాల్లో సరుకులు తెస్తామని కుర్రాళ్లని బళ్ల మీద పరిగెత్తిస్తున్నారు. వాన, చీకటి, గుంతలు ఏవీ లెక్కలోకి రావు. ఆ బిడ్డ ఏం తిన్నాడో గుమ్మంలో నిలబడ్డవాడు అడగడు, అడిగినా చెప్పే టైము వాడికి లేదు. తాతి డెబ్భై ఏళ్ల ముందే సైకిల్ మీద కూర్చుని చూపించింది ఇదే. మేము దాన్ని చూసి నవ్వాం, నవ్వుతూ కాస్త భయపడ్డాం. ఇప్పటివాళ్లకి ఆ భయం కూడా లేదు, ఆర్డరు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఒక చుక్క తగ్గించి మార్కులేస్తారు.

ఆ సినిమాకి ఇంకో కథ ఉంది. దాన్ని తాతి రంగుల్లో తీశాడు. థామ్సన్‌కలర్ అని కొత్తగా వచ్చిన పద్ధతి. ఎందుకైనా మంచిదని పక్కనే ఇంకో కెమెరా పెట్టి నలుపు తెలుపుల్లో కూడా తీశాడు. తీరా చూస్తే ఆ రంగుల ఫిల్ము నుంచి ప్రింటు తీయడం ఆ కంపెనీ వల్ల కాలేదు. లోకం చూసింది నలుపు తెలుపు సినిమానే. దిగులుగా ఉండే ఊళ్లోకి జాతరతో పాటు రంగులు రావాలని ఆయన ఊహ, ఆ ఊహ డబ్బాల్లో ఉండిపోయింది. ఎడిటర్ అయిన ఆయన కూతురు సోఫీ, ఫ్రాన్స్వా ఎద్ అనే ఛాయాగ్రాహకుడితో కలిసి ఆ రంగుల్ని బయటికి తీసేసరికి 1995 వచ్చింది. తాతి అప్పటికి పోయి పదమూడేళ్లు.

రెండో సినిమా 1953లో వచ్చిన ‘హులో గారి సెలవులు’. అట్లాంటిక్ ఒడ్డున సెయింట్ మార్క్ అనే చిన్న ఊరు, సముద్రానికి ఎదురుగా ఓ హోటలు, వేసవి సెలవులకి వచ్చిన జనం. కథ లేదు. హులో వస్తాడు, ఉంటాడు, వెళ్లిపోతాడు. ఇప్పుడు ఏ నిర్మాత దగ్గరికైనా వెళ్లి ఈ మాట చెప్పండి, కాఫీ కూడా ఇవ్వకుండా పంపిస్తాడు. సినిమా మొదట్లోనే రైల్వే స్టేషన్లో మైకు ఏదో గరగరమంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు, జనం ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి సామాన్లతో పరిగెత్తుతారు. మన స్టేషన్లలో నిలబడ్డ ఎవడికైనా దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ సినిమాలో శబ్దం గురించి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ్టి పాపాల్లో పెద్ద పాపం అక్కడే ఉంది. తాతి శబ్దాల్ని తర్వాత విడిగా చేసి, ఒక్కోటి ఏరి అతికించేవాడు. హోటలు భోజనాల గది తలుపు అటూ ఇటూ ఊగినప్పుడల్లా తీగ మీటినట్టు ఒకే చప్పుడు వస్తుంది. మొదటిసారి పట్టించుకోం, రెండోసారి చెవిన పడుతుంది, ఇంకాసేపటికి ఆ తలుపు కదిలితే చాలు నవ్వొస్తుంది. ఇక్కడ నవ్వాలని ఆ చప్పుడు చెప్పదు. తలుపు తన పని తాను చేసుకుపోతుంటుంది, నవ్వు మన దగ్గర తయారవుతుంది. మాటలు కూడా అంతే, గదిలో జనం మాట్లాడుకుంటున్న గొణుగుడులా వినబడతాయి తప్ప ముందుకొచ్చి మీద పడవు. ఇప్పుడు సినిమా మొదలైంది మొదలు ఆఖరిదాకా వెనక వాయిద్యాలు ఆగవు. నిశ్శబ్దం అంటే సౌండ్ పాడైందనుకుంటారని భయం కాబోలు.

హులో కారు టైరు మారుస్తుండగా లోపలి ట్యూబు జారి పడి దాని తడికి ఎండుటాకులు అంటుకుంటాయి. అక్కడ శ్మశానంలో ఎవరివో అంత్యక్రియలు జరుగుతున్నాయి. ట్యూబుని పూలచక్రం అనుకుని మర్యాదగా తీసుకెళ్లి పెడతారు. అది బుస్సుమని గాలి వదులుతుంటుంది. వచ్చినవాళ్లు హులోని చుట్టం అనుకుని చేతులు కలుపుతారు. చావింట్లో నవ్వించడం కత్తి మీద సాము. ఆ సన్నివేశంలో చనిపోయినవాడికి అగౌరవం లేదు, ఏడుస్తున్నవాళ్ల మీద ఎగతాళి లేదు. ఒకణ్ణి కించపరచకుండా హాలంతా నవ్వింది. లావుగా ఉన్నవాణ్ణి, నత్తిగా మాట్లాడేవాణ్ణి, నల్లగా ఉన్న ఆడపిల్లని చూపించి నవ్వమనే సినిమాలు ఇవాళా వస్తున్నాయి. వాటిని హాస్యం అనడానికి నాకు నోరు రాదు.

ఆ సినిమాకి ఫ్రాన్స్‌లో లూయీ దెల్యుక్ బహుమతి వచ్చింది, ఆస్కార్‌లో స్క్రీన్‌ప్లేకి నామినేషన్ వచ్చింది. అంతటితో ఆయన వదల్లేదు. 1962లో మళ్లీ కూర్చుని కూర్పు మార్చాడు. 1978లో, సినిమా వచ్చిన పాతికేళ్లకి, అదే బీచ్‌కి వెళ్లి ఓ ముక్క కొత్తగా తీసి కలిపాడు. హులో ఎక్కిన మడత పడవ సగానికి విరిగి అతని మీద మూసుకుంటే ఒడ్డునున్నవాళ్లకి సొరచేప నోరులా కనబడి జనం పారిపోతారు. ‘జాస్’ సినిమా చూసిన జనానికి అది. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. ఇప్పుడు శుక్రవారం విడుదల, సోమవారం సక్సెస్ మీట్, నాలుగు వారాలకి ఓటీటీ, ఆ తర్వాత దర్శకుడికే తన సినిమా గుర్తుండదు.

1958లో ‘మొనోంక్ల్’ వచ్చింది, అంటే మా మావయ్య. హులో ఇందులో ఓ పిల్లాడికి మేనమామ. చెల్లెలూ బావా కట్టుకున్న అధునాతనమైన ఇల్లు ఒకటి, అన్నీ బటన్లే, ఎక్కడా కూర్చోవడానికి వీలుండదు. పెరట్లో చేప బొమ్మ ఫౌంటెన్. గొప్పవాళ్లు వస్తే దాన్ని ఆన్ చేస్తుంది ఇల్లాలు, వచ్చింది సొంత అన్నే అని తెలిస్తే కట్టేస్తుంది. ఆ ఒక్క చేపతో ఒక వర్గం మర్యాద అంతా చెప్పేశాడు, ఒక్క ఉపన్యాసం లేదు. రాత్రిపూట మేడ మీది రెండు గుండ్రటి కిటికీల్లో దంపతుల తలలు అటూ ఇటూ కదులుతుంటే ఆ ఇంటికే కళ్లు వచ్చినట్టుంటుంది. ఇంటిని గీసింది ఆయన మిత్రుడు, చిత్రకారుడు జాక్ లగ్రాంజ్. నీస్‌లోని విక్టోరిన్ స్టూడియోలో కట్టారు.

హులో ఉండేది పాత పేటలో, వంకర టింకర మెట్లున్న మేడ మీద. తన గదికి వెళ్తుంటే ఒక్కో కిటికీలో ఒక్కో ముక్కగా కనబడతాడు. పైకెళ్లి కిటికీ రెక్క తెరుస్తాడు. అద్దం మీద పడ్డ ఎండ ఎదుటి గోడమీది పంజరంలో పక్షి మీద పడుతుంది, పక్షి పాడుతుంది. రెక్క కదిపితే పాట ఆగుతుంది. మళ్లీ సరిచేస్తాడు, పాట వస్తుంది. పక్షికి ఎండ అందేలా రెక్కని అక్కడ ఆపి వెళ్తాడు. ఒక మనిషి మంచివాడని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇప్పుడైతే హీరో ముగ్గుర్ని కొట్టి అనాథాశ్రమానికి చెక్కు ఇవ్వాలి.

ఆ సినిమాకి కాన్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి, 1959లో ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చాయి. అమెరికా వెళ్లినప్పుడు తాతి కలవాలని కోరుకున్నది అప్పటి పెద్ద స్టార్లని కాదు. మాక్ సెనెట్, స్టాన్ లారెల్, బస్టర్ కీటన్, మూకీల నాటి ముసలివాళ్లని కలిశాడు. పెద్దల దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టుకోవడం ఆయనకి తెలుసు. ఆ సినిమాకి హాస్య ఘట్టాలు ఊహించి బొమ్మలు గీసి ఇచ్చిన కుర్రాడు పియెర్ ఎతెక్స్. తర్వాత తనే గొప్ప నటుడు, దర్శకుడు అయ్యాడు. అయితే హక్కుల తగాదాల్లో ఇరుక్కుని ఆయన సినిమాలు దశాబ్దాల తరబడి ఎవరికీ కనబడలేదు, 2010లో గానీ బయటపడలేదు. కాగితాల మీది సంతకాలు ఒక కళాకారుడి జీవితాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయగలవు.

ఇక ‘ప్లేటైమ్’. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు తొందర పనికిరాదు.

తాతికి గాజు మేడల ఆధునిక నగరం కావాలి. అలాంటి వీధుల్ని నెలల తరబడి ఆపేసి షూటింగ్ చేసుకోనివ్వరు కాబట్టి పారిస్ శివార్లలో నగరాన్నే కట్టించాడు. రోడ్లు, ఆఫీసులు, ఎస్కలేటర్, సొంత విద్యుత్ ఏర్పాటు. జనం దానికి తాతివిల్ అని పేరు పెట్టారు. కొన్ని మేడలు పట్టాల మీద కదిలేవి, కావాల్సిన చోటికి జరుపుకునేవారు. దూరాన కనిపించే కొన్ని మేడలూ మనుషులూ అట్టలతో కోసినవే. 70 ఎంఎం ఫిల్ము. 1964లో మొదలైన పని మూడేళ్లు సాగింది. గాలివాన వచ్చి సెట్టు దెబ్బతింది, డబ్బు అయిపోయింది, మళ్లీ అప్పు, మళ్లీ షూటింగ్. తన ఆస్తులూ, పాత సినిమాల హక్కులూ అన్నీ అప్పులకి తాకట్టు పెట్టాడు.

ఇప్పటి నిర్మాతలూ వందల కోట్లు పెడుతున్నారు, పెట్టనివ్వండి. కానీ ఆ డబ్బుతో ఏం చేస్తున్నారు? పచ్చ గుడ్డ ముందు హీరోని నిలబెట్టి వెనకాల మంటలు గీస్తున్నారు. తాతి పెట్టిన ప్రతి రూపాయీ ఒకే ఫ్రేములో ఇరవైమంది ఇరవై పనులు చేయడానికి ఖర్చైంది. దగ్గర షాట్లు లేవు. ముఖ్యమైనవాడు ఎవడో కెమెరా చెప్పదు. పెళ్లి పందిట్లో ఒక మూల అత్తగారి అలక, ఒక మూల పిల్లల పరుగులు, ఒక మూల వంటవాళ్ల గొడవ ఒక్కసారే నడుస్తున్నట్టు ఉంటుంది ఆ తెర. ఎవడికి కనబడింది వాడిది. రెండోసారి చూస్తే వేరే సినిమా.

రాయల్ గార్డెన్ అనే రెస్టారెంటు మొదటి రాత్రి ఘట్టం ఉంది, సినిమాలో పెద్ద భాగం అదే. పనులు పూర్తికాకుండానే తలుపులు తీసేశారు. నేలమీది పలక వెయిటర్ బూటుకి అతుక్కుని లేచి వస్తుంది. కుర్చీల వెనకభాగం అచ్చు కూర్చున్నవాళ్ల వీపుల మీద పడుతుంది. ఒక చేపకి ఒకరి తర్వాత ఒకరు వచ్చి మసాలా చల్లుతారు, తినాల్సినవాళ్లు బల్ల మారిపోయారు. గాజు తలుపు పగిలిపోతే ద్వారపాలకుడు దాని పిడిని మాత్రం చేత్తో పట్టుకుని, లేని తలుపుని వచ్చేవాళ్లకి తెరుస్తూ మూస్తూ ఉంటాడు. వచ్చేవాళ్లూ ఆ లేని తలుపు దాటి మర్యాదగా లోపలికి నడుస్తారు, చిల్లర కూడా ఇస్తారు. అధికారం, మర్యాద, నగరం, అన్నీ ఆ పిడిలో ఉన్నాయి. ఆ ద్వారపాలకుడు తాతి కాదు. మంచి హాస్యమంతా తన దగ్గర ఉంచుకోకుండా ఎవరో వెయిటర్‌కి, ఎవరో ముసలి గుమాస్తాకి పంచిపెట్టాడు. హులోలా కనబడే నకిలీ హులోలని కూడా జనంలో తిప్పాడు, అసలువాణ్ణి వెతుక్కోమని. ఒక్క షాటు కూడా పక్కవాడికి వదలని ఇప్పటి స్టార్లకి ఈ గుణం ఎవరైనా చెప్పండి.

1967 డిసెంబరులో పారిస్‌లో విడుదలైంది. రెండున్నర గంటలు పైనే ఉన్న సినిమాని కోసి రెండు గంటల పైచిలుకుకి తెచ్చాడు. జనం హులో కోసం వచ్చారు, హులో తెరలో ఏదో మూల ఉన్నాడు. అప్పులు తీరలేదు. సెట్టుని సినిమా విద్యార్థుల కోసం, కొత్తవాళ్ల కోసం ఉంచమని ఆయన కోరిక, దాన్ని కూల్చేశారు. సొంత ఇల్లు పోయింది, తీసిన సినిమాలన్నీ అప్పులవాళ్ల చేతుల్లోకి పోయాయి. అరవై దాటిన మనిషి, తన సినిమా తానే వేసి చూపించలేని స్థితి. దీన్ని తలచుకుంటే నాకు ఇవాళ్టికీ కడుపు మండుతుంది.

తర్వాత 1971లో ‘ట్రాఫిక్’. ఆమ్‌స్టర్‌డామ్ కార్ల ప్రదర్శనకి వెళ్లాల్సిన ఓ క్యాంపింగ్ బండి దారిపొడుగునా ఆగిపోవడమే కథ. జామ్‌లో చిక్కుకుని ముక్కులు గెలుక్కుంటున్న డ్రైవర్లు, నడిపేవాడి తీరునే అనుకరించే వైపర్లు. అదేమీ గొప్ప సినిమా కాదు, బాగుంటుంది. 1974లో స్వీడన్ టెలివిజన్ కోసం ‘పరాడ్’ అని సర్కస్ సినిమా, ఎక్కువ భాగం వీడియో మీద. అందులో పెద్దాయన మళ్లీ తన పాత గోల్ కీపర్, బాక్సర్, గుర్రం అన్నీ చేసి చూపించాడు. 1982 నవంబరులో పోయాడు.

ఆయన పోయాక ఆయన దేశమే చేసిన పని ఒకటి చెబుతాను. 2009లో పారిస్ సినిమాతెక్‌లో ఆయన మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. పోస్టర్ మీద మోపెడ్ నడుపుతున్న హులో. పొగాకు ప్రకటనల చట్టానికి భయపడి మెట్రో, బస్సుల పోస్టర్లలో ఆయన నోట్లో పైపు చెరిపేసి, ఆ చోట పిల్లలు ఆడుకునే పసుపుపచ్చ గాలిమర పెట్టారు. పైపు లేని హులోనా? పొగ తాగడం మంచిది కాదని నాకూ తెలుసు, మా ఇంట్లో ఎవరూ తాగరు. కానీ ఒకడు కల్పించిన మనిషిని ఆయన చచ్చాక చెక్కడం ఏ చట్టం? అప్పట్లో ఫ్రెంచివాళ్లు కూడా గొడవ చేశారు, మంచి పని చేశారు.

ఇప్పుడు అంతకన్నా పెద్ద చెక్కుడు రోజూ జరుగుతోంది. ‘ప్లేటైమ్’లో ఆ ద్వారపాలకుణ్ణి కోసి, 70 ఎంఎం తెరని నిలువు ఫోన్‌లోకి కుదించి, చుట్టూ ఉన్న జనాన్నంతా తీసేసి, కింద ఏదో పాట పెట్టి, వేగం పెంచి అరనిమిషం ముక్కగా తిప్పుతున్నారు. కింద ‘మిస్టర్ బీన్ లాగా ఉన్నాడు’ అని రాస్తున్నారు. ఆ బీన్ వేషం వేసిన రోవన్ ఆట్కిన్‌సన్ తనకి హులో సెలవుల సినిమా స్ఫూర్తి అని తనే చెప్పుకున్నాడు. తాతని చూసి మనవడి పోలిక వచ్చిందనడం ఏం వరస?

మన దగ్గర ఇలాంటి పని జరగలేదా అంటే జరిగింది. 1987లో సింగీతం శ్రీనివాసరావు గారు ఒక్క మాట లేకుండా ‘పుష్పక విమానం’ తీశారు, కమల్‌హాసన్ నటించాడు. హాళ్లలో జనం నవ్వారు, ఏడ్చారు, మాట లేదని ఎవరూ టికెట్ డబ్బులు వెనక్కి అడగలేదు. చదువూ సంధ్యా లేని ప్రేక్షకుడికి కూడా కళ్లతో చదవడం వచ్చని అది నిరూపించింది. తర్వాత ఆ దారిలో నడిచినవాళ్లు ఎంతమంది? ప్రేక్షకుడికి అర్థం కాదనే మాట ఎక్కువగా వినబడేది ప్రేక్షకుడి నోట కాదు, తీసేవాళ్ల నోట.

ఒక్క విషయంలో మీ రోజులే మేలు. తాతి కూతురు సోఫీ మరికొందరితో కలిసి 2001లో సంస్థ పెట్టి ఆ సినిమాల హక్కుల్ని తిరిగి సంపాదించారు, అదే ఏడు ఆమె కన్నుమూసింది. 2002లో ‘ప్లేటైమ్’ని బాగుచేసి కాన్‌లో వేశారు. మేము గీతల మధ్య వెతుక్కున్న బొమ్మ ఇవాళ అద్దంలా ఉంది. మేము నలుపు తెలుపులో చూసిన జాతర మీకు రంగుల్లో దొరుకుతుంది. ఇంత భాగ్యం చేతిలో ఉండి చూడకపోవడమే నాకు బాధ.

అందుకే అడుగుతున్నాను. ముందు హులో సెలవులు చూడండి, ఆ తర్వాత మావయ్య, చివర్న ప్లేటైమ్. ఫోన్ వేరే గదిలో పెట్టండి, వేగం పెంచకండి, కథ ఎప్పుడు మొదలవుతుందని ఎదురుచూడకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లకే ముందు కనబడతాయి. ఊళ్లల్లో ఇంకా ఫిల్మ్ క్లబ్బులు నడుపుతున్నవాళ్లకి నా మనవి: ప్లేటైమ్ వేయండి, మీకు దొరికినంతలో పెద్ద తెర మీద వేయండి, ముందు వరుస కుర్చీలు తీసేయకండి. మాలాంటివాళ్లం అక్కడే కూర్చుంటాం.